ఐదో ప్రశ్న

మా బావ తానియేలా రోజుకు ఒక్కసారైనా నన్ను దొంగా అనందే టీ ముట్టేవాడు కాదు. మా పెరట్లో మామిడిచెట్టు ఉంది. రాత్రి రాలిన కాయల్లో పెద్దది ఎప్పుడూ నాకే దొరుకుతుంది, ముందు లేచేవాణ్ణి నేను కాబట్టి. వాడు కళ్ళు నులుముకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి, సమబూలా కొండ మీద ఇళ్ళన్నిటికీ వినబడేలా అరిచేవాడు.

"మళ్ళీ కొట్టేశావుట్రా దొంగా! మీ వంశంలో ఒక్కడన్నా తిన్నగా పుట్టాడా?"

"మీ దీవిలో తిండి లేక మా ఇంటికొచ్చి పడ్డావు. నోరుమూసుకుని టీ తాగు."

మా దీవుల జనంలో బావలు ఇలాగే మాట్లాడుకోవాలి. అది మర్యాద. ఒక బావ ఇంకో బావని తిట్టడం మానేశాడంటే ఇద్దరి మధ్యా ఏదో చెడిందన్నమాట.

అన్నాచెల్లెళ్ళ మర్యాద దీనికి పూర్తిగా వేరు. తానియేలా పెళ్ళాం ఉనైసి నా చెల్లెలు. దానికి తొమ్మిదేళ్ళు నిండిన రోజు నుంచి మేమిద్దరం ఒకరితో ఒకరం నేరుగా మాట్లాడుకోలేదు. మా సువా పట్నంలో ఇప్పుడు చాలా ఇళ్ళలో ఇదేమీ పట్టించుకోరు. మా అమ్మ పట్టించుకునేది. అమ్మ పోయాక కూడా మాకు వేరే పద్ధతి చేతకాలేదు. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే ఉనైసి మొగుడితో, "ఏమండీ, మీ బావగారికి చెప్పండి, చేమాకు కూర చల్లారిపోతోందని" అంటుంది. వాడు నా వైపు తిరిగి, "విన్నావుగా దొంగా, మింగు" అంటాడు. మూడేళ్ళపాటు మా ఇంట్లో మాటలన్నీ వాడి మీదుగానే నడిచాయి.

నాకు పెళ్ళి కాలేదు. వాళ్ళు లకెంబా దీవి నుంచి వచ్చి నా ఇంట్లో కాపురం పెట్టక ముందు అక్కడ రేడియో ఒక్కటే మాట్లాడేది. వాళ్ళు వచ్చాక రేడియో ఎక్కడ పెట్టానో కూడా మరిచిపోయాను.

నేనూ బావా కలిసే బిజినెస్ స్కూల్లో చేరాం. పగలంతా ఉద్యోగాలు, సాయంత్రాలు క్లాసులు. మొత్తం ఇరవై ఇద్దరం. నేను గణాంకాల ఆఫీసులో పనిచేస్తాను, అంకెలంటే నాకు భయం లేదు. బావకు ఉంది. వాడి ఫీజు వాడు పనిచేసే ప్రభుత్వ శాఖ కడుతోంది. కానీ ప్రతి పేపరూ మొదటిసారే గట్టెక్కాలని షరతు. ఒక్కటి తప్పినా చదువు ఆపేసి, పాత ఉద్యోగానికి లకెంబా వెళ్ళిపోవాలి. అక్కడికి పడవ పది రోజులకొకటి. వాడు వెళితే ఉనైసీ వెళుతుంది.

ఆ సెప్టెంబరులో మొదలైంది ఎకనామిక్స్ పేపరు. చెప్పేది సముద్రం అవతల డనీడిన్ నుంచి వచ్చిన ప్రొఫెసర్ మెక్రే. గట్టి మనిషి, నవ్వు తక్కువ. ఆమె మార్కులు వేసే పద్ధతి క్లాసు మొత్తానికీ నిద్ర పట్టనివ్వలేదు. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు ఎన్ని వస్తే, వాటిలో సగం వచ్చినవాళ్ళు పాసు. సగానికి తగ్గితే తప్పినట్టే. అంటే పైన ఉన్నవాడు ఎంత ఎత్తుకు వెళితే, కింద ఉన్నవాళ్ళు ఎక్కాల్సిన గోడ అంత పెరుగుతుంది.

ఒక సాయంత్రం బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి ఆమె అడిగింది. "ఒక ఊళ్ళో రెండే రొట్టెల దుకాణాలున్నాయి. ధర తగ్గించొద్దని ఇద్దరూ మాట ఇచ్చుకున్నారు. ఆ మాట నిలుస్తుందా? ఫిలిమోని, మీరు చెప్పండి."

ఫిలిమోని నేనే. లేచి చెప్పాను. "నిలవదు మేడమ్. అవతలివాడు తగ్గించినా తగ్గించకపోయినా, నేను తగ్గిస్తేనే నాకు మేలు. వాడూ అదే అనుకుంటాడు. ఇద్దరూ తగ్గిస్తారు."

"సరిగ్గా చెప్పారు."

బావ చెయ్యెత్తాడు. "మేడమ్, ఆ ఇద్దరూ బావలైతే?"

"అయితే ఏమిటి తేడా?"

"తెల్లారితే మొహాలు చూసుకోవాలి కదా మేడమ్."

క్లాసంతా గొల్లుమంది. మెక్రే మేడమ్ కూడా కొంచెం నవ్వినట్టే ఉంది. "మళ్ళీ మళ్ళీ మొహాలు చూసుకునేవాళ్ళ సంగతి వచ్చే సెమిస్టరు పాఠం. ఈ సెమిస్టరుకి ఒక్కసారే ఆడే ఆట మాత్రమే," అంది. ఆ పాఠం తరవాత నేను విన్నాను. వాడు వినలేదు.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం క్లాసువాళ్ళు చాలామంది మా వరండాలో చేరారు. బావ యంగోనా అనే మత్తు వేరు దంచి, గుడ్డలో కట్టి, చెక్క గంగాళంలో నీళ్ళతో పిసికి కలిపాడు. కొబ్బరి చిప్ప చేతులు మారుతోంది. బ్యాంకులో పనిచేసే సురూజ్‌లత మా అందరికన్నా పెద్దది, అందరికీ అక్క. ఆమె పాత పేపర్లు నాలుగు ముందేసుకుంది.

"ఇదిగో చూడండి. ప్రశ్నలు అయిదు, ఒక్కోదానికి ఇరవై. మొదటి నాలుగూ మనందరం ఎంతో కొంత రాస్తాం. ఐదోది ఎప్పుడూ ఆ గళ్ళ లెక్కే. అది ప్రతి ఏడూ ఒకరిద్దరికే వస్తుంది. వాళ్ళు రాసేసరికి పైమార్కు తొంభై దాటుతుంది, కిందవాళ్ళు కొట్టుకుపోతారు. అసలు ఐదోది ఎవరమూ రాయకపోతే?"

"పైమార్కు ఎనభై దాటదు," అన్నాడు బావ వేళ్ళు మడుస్తూ. "నలభై వస్తే పాసు. అక్కా, నీ కడుపు చల్లగుండ!"

"ఎవరో ఒకరు రాస్తారు," అన్నాను నేను. "మొన్న చెప్పిన పాఠమే అది. ఇరవై ఒక్కమంది వదిలేసినప్పుడు రాసినవాడికి మహా లాభం."

"ఎవడ్రా రాసేది? పేరు చెప్పు, కాళ్ళు విరగ్గొడతా."

"పేరు నాకెలా తెలుస్తుంది? పాఠం అలా ఉంది."

"వీడికి పాఠం పెళ్ళాం లాంటిది. వేరే దిక్కు లేదు పాపం," అన్నాడు బావ. అందరూ నవ్వారు. సురూజ్‌లత మాత్రం నవ్వలేదు. నా వైపు చూసి, "తమ్ముడూ, మనందరిలో ఆ ప్రశ్న రాయగలిగేది నువ్వే. నువ్వు సరేనంటే ఇది నిలుస్తుంది" అంది.

బావ చిప్ప నింపి నా చేతికే ముందు ఇచ్చాడు. పద్ధతి ప్రకారం చప్పట్లు కొట్టి, తాగి, మళ్ళీ చప్పట్లు కొట్టాను. గంగాళం ముందు తాగాక మాట ఇచ్చినట్టే. ఆ తరవాత ఒక్కొక్కరూ తాగారు. రాలేనివాళ్ళకు సురూజ్‌లత ఫోన్లు చేసి ఒప్పించింది.

అయినా నాకు నమ్మకం చిక్కలేదు. మర్నాటి నుంచే బావకు ఐదో ప్రశ్న కూడా నేర్పడం మొదలుపెట్టాను.

"రాయం కదరా, ఎందుకిది?"

"ఎవరైనా రాస్తే? నీకూ వచ్చి ఉండాలి."

"నీ పిరికితనం తగలెయ్య," అన్నాడు కానీ కూర్చున్నాడు. వంటింటి బల్ల మీద సుద్దతో నాలుగు గళ్ళు గీసి, అంకెల బదులు మామిడి టెంకలు పెట్టి చెప్పాను. రెండు టెంకలు నీకు, మూడు నాకు. నేను ఇటు జరిగితే నువ్వు ఎటు జరుగుతావు? మొదట్లో వాడు టెంకలన్నీ తన గడిలోకి లాక్కుని, "ఇదీ నా జవాబు" అనేవాడు. ఉనైసి స్టవ్ దగ్గర నుంచి, "ఏమండీ, మీ బావగారికి చెప్పండి, బల్లకి జిగురు పట్టి చీమలొస్తున్నాయని" అనేది. వాడు వెంటనే, "చీమలకి కూడా పాఠం చెబుతున్నాడే, పోనీ" అనేవాడు. స్టవ్ వైపు తిరిగి ఉన్నా దాని భుజాలు కదలడం చూసి నవ్వుతోందని తెలిసేది. నా జీవితంలో అంత నిండుగా ఉన్న వారాలు ఇంకేవీ లేవు.

మూడో వారానికి వాడికి లెక్క పట్టుబడింది. నా సాయం లేకుండా ఒక పాత పేపరులోది మొదటి నుంచి చివరి దాకా చేసి, టెంక ఎత్తి నా నెత్తిన కొట్టాడు.

నవంబరు చివర్లో పరీక్ష. రేకుల పైకప్పు మీద వాన హోరు. జవాబు పుస్తకం అట్ట మీద ఎప్పుడూ ఉండే సూచనలే ఉన్నాయి, అడ్డంగా కొట్టేసినది దిద్దబడదని కూడా ఉంది. రెండు గంటల్లో నాలుగు ప్రశ్నలూ అయ్యాయి. ఐదోది చూశాను. చాలా తేలిగ్గా ఉంది. కలం కింద పెట్టాను.

తల ఎత్తితే కుడివైపు సురూజ్‌లత కనబడింది. పేపరు మూసి, చేతులు కట్టుకుని కిటికీలోంచి వాన చూస్తోంది. ఆమె వెనక ఇద్దరు కూడా అంతే. రెండు వరసల ముందు బావ వీపు. వాడి మోచెయ్యి కదులుతోంది. ఆగకుండా, వేగంగా కదులుతోంది. మధ్యలో నాలుగు గీతలు గీసినట్టు చెయ్యి అటూ ఇటూ పోయింది. ఆ నాలుగు గీతలూ ఏమిటో నాకు తెలుసు, నేర్పింది నేనే.

వాడే రాస్తున్నాడు అనుకున్నాను. గంగాళం కలిపినవాడే రాస్తున్నాడు. ఇక మిగిలినవాళ్ళ సంగతి చెప్పేదేముంది? అందరూ తెలివిగా బయటపడితే నేనొక్కణ్ణే వెర్రివెంగళప్పలా మిగిలిపోతాను. చేతులు కట్టుకున్న సురూజ్‌లత కూడా నా కళ్ళెదుటే ఉంది. నేను ఆమెను లెక్కలోకి తీసుకోలేదు. కలం తీసి ఐదో జవాబు మొత్తం రాసేశాను. ఇరవై నిమిషాలు పట్టింది.

బయట వరండాలో అందరూ చేరారు. "ఎవరూ రాయలేదుగా?" అంది సురూజ్‌లత. లేదు, లేదు అని అన్ని వైపుల నుంచీ వినబడింది. నేనూ లేదన్నాను. బావ నా వీపు మీద చరిచాడు.

"చూశావా అక్కా! మామిడికాయల దగ్గరే దొంగ. ఇక్కడ దొర!"

బస్సులో అడిగాను వాణ్ణి. "చివర్లో ఏదో తెగ రాస్తున్నావు?"

"ఏం లేదురా. చెయ్యి ఊరుకోలేదు, అంతే," అని కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

అప్పటికైనా వెళ్ళి మెక్రే మేడమ్‌తో చెప్పి ఉండొచ్చు. పేపర్లు దిద్దడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో నాలుగుసార్లు ఆమె గది దాకా వెళ్ళాను. నాలుగుసార్లూ తలుపు మీద ఆమె పేరు చదువుకుని వెనక్కి వచ్చాను. ఒప్పుకుంటున్నాను, నా తప్పుల్లో పెద్దది ఇదే. పరీక్ష హాల్లో భయపడ్డాను, దానికి ఏదో సాకు ఉంది. దీనికి లేదు.

ఫలితాలు నోటీసు బోర్డు మీద పెట్టారు, పేర్లు లేకుండా నంబర్లతో. అన్నిటికన్నా పైన తొంభై ఏడు. దాని కింద డెబ్భై ఆరు. పాసు గీత నలభై ఎనిమిదిన్నర దగ్గర పడింది. దాని కింద రెండే నంబర్లు. ఒకటి టోంగా నుంచి వచ్చినతనిది. అతను మళ్ళీ రాసుకోవచ్చు. ఇంకోటి బావది, నలభై నాలుగు.

సురూజ్‌లత ఆ తొంభై ఏడు మీద వేలు పెట్టి, "ఎవరిది ఈ నంబరు?" అంది. నా నంబరు నాకు తెలుసు. బావకూ తెలుసు, మా ఇద్దరి దరఖాస్తులూ నింపింది వాడే. వాడు బోర్డు వైపు చాలాసేపు చూశాడు.

"పోనీలే అక్కా," అన్నాడు మెల్లగా. "ఎవరికి ఏం అవసరం వచ్చిందో. ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తాం?"

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి వాడు నాకన్నా ముందే లేచి ఉన్నాడు. పెద్ద మామిడికాయ నా పళ్ళెం పక్కన, కడిగి, తుడిచి పెట్టి ఉంది.

"తీసుకో బావా. బాగా పండింది," అన్నాడు.

అంతే అన్నాడు. నేను ఇంకో మాట కోసం కాచుకుని కూర్చున్నాను. వాడు టీ తాగి, కప్పు కడుక్కుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో తిట్లు లేవు. చాలా మర్యాదగా ఉండేవాడు. ఉప్పు అందించేవాడు, గొడుగు ఇచ్చేవాడు, నేను గదిలోకి వస్తే కుర్చీ జరిపేవాడు. ఉనైసి చెప్పమన్న మాటలు యథాతథంగా చెప్పేవాడు, తనది ఒక్క ముక్కా కలపకుండా. ఒక్క తిట్టు తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేవాణ్ణి.

అప్పుడు వెళ్ళాను మెక్రే మేడమ్ దగ్గరికి. నిలబడే చెప్పాను. "నా ఐదో జవాబు కొట్టెయ్యండి మేడమ్. నాకు సున్నా వెయ్యండి."

జరిగింది మొత్తం విన్నాక ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇరవై ఒక్క పేపర్లలో ఐదోదానికి దిద్దాల్సింది ఏమీ లేకపోతే నాకు అప్పుడే అర్థమైంది. మార్కులు పై ఆఫీసుకి వెళ్ళిపోయాయి ఫిలిమోని. వెళ్ళకపోయినా, సరిగ్గా రాసినదానికి సున్నా వేసే హక్కు నాకు లేదు." మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుని అడిగింది. "అంతమందీ మాట తప్పుతారని ఎందుకనుకున్నారు?"

"మీరే చెప్పారు కదా మేడమ్."

"నేను దుకాణాల గురించి చెప్పాను," అంది ఆమె.

లకెంబా పడవ డిసెంబరు మూడో వారంలో ఉంది. చాపలు చుట్టారు, గిన్నెలు సర్దారు. వాళ్ళ పెట్టెలు వరండాలోకి చేరేసరికి ఇల్లు నా ఒక్కడి ఇల్లులా మారిపోయింది. బయలుదేరే పొద్దున్న బావ టాక్సీ కోసం రోడ్డు మీదికి వెళ్ళాడు. నేను వంటింట్లో ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. ఉనైసి లోపలికి వచ్చింది. మామూలుగా నేను ఒక్కణ్ణే ఉన్న గదిలోకి అది రాదు. చేతిలో, దిద్ది తిరిగిచ్చిన బావ జవాబు పేపరు ఉంది.

"అన్నయ్యా," అంది.

ఆ పిలుపు నేను విని ఇరవై నాలుగేళ్ళైంది. అప్పటికది చిన్నపిల్ల గొంతు. ఇది వేరే గొంతు.

"ఆయన్ని అడిగితే చెప్పడం లేదు. నాకు ఈ లెక్కలు తెలీవు. ఎక్కడ తప్పు చేశారో నువ్వు చూసి చెప్పు."

తీసుకుని తిప్పాను. నాలుగు ప్రశ్నలూ సగం సగం. ఆ తరవాత పేజీలో నాలుగు గళ్ళు, పక్కన లెక్క. మొదటి వరస నుంచి చివరి వరస దాకా నేను టెంకలతో చెప్పిన దారిలోనే ఉంది. జవాబు సరిగ్గా వచ్చింది. చివర్లో దాని కింద వాడు సంతోషం పట్టలేక రెండు గీతలు కూడా గీసుకున్నాడు. ఆ పేజీ మొత్తానికి పై మూల నుంచి కింది మూల దాకా స్కేలు పెట్టి, ఒకే ఒక్క గీత కొట్టి ఉంది. అది ఉంచేసి ఉంటే వాడికి అరవై దాటేవి.

"తప్పేం లేదమ్మా. అంతా సరిగ్గానే ఉంది," అన్నాను.

"మరి కొట్టేశారెందుకు?"

"రాయనని మాటిచ్చాడు."

"ఎవరికి?"

"నాకు," అన్నాను. "మాకందరికీ. నాకూ."

అది నా మొహంలోకి చూసింది. ఇరవై నాలుగేళ్ళుగా చూడని చూపు. అంతా దానికి తెలిసిపోయిందని నాకు తెలిసింది. పేపరు నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, సంచిలో పెట్టుకుంది. బయట టాక్సీ హారన్ కొట్టింది. బావ గుమ్మంలోకి రాగానే ఉనైసి వాడి వైపు తిరిగింది.

"ఏమండీ, మీ బావగారికి చెప్పండి. కూర గిన్నె స్టవ్ మీద ఉందని. రేపటి దాకా వస్తుందని."

"బావా, కూర స్టవ్ మీద ఉందట. రేపటి దాకా వస్తుందట," అన్నాడు వాడు.

రేవులో వాన వెలిసింది. చాపల చుట్ట నేనే మోసి పడవలోకి అందించాను. ఉనైసి ముందు ఎక్కి లోపలికి వెళ్ళింది. మా చుట్టూ వేరే కుటుంబాల బావలు ఒకరినొకరు తిట్టుకుంటూ, మా ఆనవాయితీ ప్రకారం ఒకరి మొహాన ఒకరు పౌడరు కొట్టుకుంటూ వీడ్కోలు చెప్పుకుంటున్నారు. మేమిద్దరం చేతులు వేలాడేసుకుని నిలబడ్డాం.

"బావా," అన్నాను. "ఒక్కసారి దొంగా అను."

వాడు నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఉండి ఉంటే బాగుండేది. నా చొక్కా భుజం మీద పడ్డ చాప పుల్ల ఒకటి తీసి కింద పారేశాడు.

"అదేం మాట బావా," అన్నాడు. "ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో."

మర్నాడు పొద్దున్న అలవాటు కొద్దీ చెట్టు కిందికి వెళ్ళాను. రాత్రి గాలికి చాలా రాలాయి. అన్నిటికన్నా పెద్దది ఏరుకున్నాను. దాన్ని చేత్తో పట్టుకుని, వంటింటి గుమ్మం వైపు తిరిగి, ఎండ ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను.